అరచేతిలో టెంకాయ

కడప, కర్నూలు కాలేజీల పిల్లలు షార్ట్ ఫిల్మ్ తీసి పోస్టర్ కోసం నా దగ్గరికి వస్తే, వాళ్ల ఫోన్లో మొదటి రఫ్ ఎట్లా ఉంటుందో చూడకముందే చెప్పగలను. కింద ఎర్రటి దుమ్ము, దుమ్ములో సుమో బండి. మధ్యలో వీపు తిప్పి నిలబడిన మనిషి, వాడి చేతిలో వేటకొడవలి. వెనకాల కొండారెడ్డి బురుజో గండికోట లోయో ఉంటుంది. కథేందని అడుగుతాను. హాస్టల్లో ఇద్దరు స్నేహితురాళ్ల మధ్య ఫీజు డబ్బుల దగ్గర వచ్చిన తగువు అంటారు. కొడవలి ఆ కథలో ఎక్కడా ఉండదు.

"మరి ఇదెందుకు పెట్టినారప్పా?"

"సీమ సినిమా కదన్నా!"

ఈ జవాబు విన్నప్పుడల్లా నాకు మనసు కష్టంగా ఉంటుంది. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర' అని ఫ్యాక్షన్ సినిమాలు వరసగా వచ్చాయి. ఆ మరుసటేడు 'ఒక్కడు' వచ్చి కర్నూలు బురుజును రాష్ట్రమంతా తెలిసేట్టు చేసింది. ఆ సినిమాల మీద నాకేం కోపం లేదు, టికెట్టు కొని చూసినవాణ్నే. అయితే అవి వచ్చేనాటికి ఇప్పటి డిగ్రీ పిల్లలు పుట్టనే లేదు. అట్లాంటిది, తాము రోజూ నడిచే నేల ఎట్లా ఉంటుందో కళ్లతో చూసి కాకుండా ఆ పోస్టర్లు చూసి నేర్చుకున్నారు. పిల్లల చేత డ్రాఫ్టు మీద డ్రాఫ్టు గీయించడానికి నేనింత పట్టుబట్టేది అందుకే.

చాలామంది డ్రాఫ్ట్ పోస్టర్ అంటే అసలు పోస్టర్‌కు ముందు వేసుకునే చిత్తుప్రతి, అయిపోగానే పారేసేది అనుకుంటారు. నా అనుభవంలో అది సినిమా తీసినవాళ్లు తామేం తీశామో తేల్చుకునే చోటు. సినిమాలో పన్నెండు నిమిషాలు, నలభై షాట్లు ఉండొచ్చు. ఎడిటింగ్ ఇంకా తెగకపోవచ్చు. పోస్టర్‌లో మాత్రం ఒక్క బొమ్మకే చోటు. ఏ బొమ్మ అనేసరికి డైరెక్టరుకూ కెమెరా పిల్లోడికీ రాసినవాడికీ వాదన మొదలవుతుంది. ఆ వాదన జరగాలి. అది జరగకుండా తయారైన పోస్టర్లు ఎంత నున్నగా ఉన్నా చూసినవాడికి ఏమీ చెప్పవు.

నేను బోర్డులు రాసే పని నుంచి వచ్చినవాణ్ని. కర్నూలు వన్ టౌన్‌లో ఒక మేస్త్రీ దగ్గర చాక్‌పీసు పొడి రుద్దిన దారాన్ని గోడ మీద లాగి కొట్టి గీతలు పెట్టడంతో మొదలుపెట్టి, ఎనామిల్ రంగులతో అంగళ్ల పేర్లు రాశాను. ఫ్లెక్స్ మిషన్లు వచ్చాక బ్రష్షు పక్కనపెట్టి కంప్యూటర్ నేర్చుకున్నాను. ఇప్పుడు కడపలో చిన్న డిజైన్ షాపు. పెళ్లి కార్డులు, స్కూలు బ్రోషర్లు, బర్త్‌డే ఫ్లెక్సీలు నాకు అన్నం పెడతాయి. పిల్లల సినిమా పోస్టర్లు మటుకు ఇష్టంతో చేసే పని. 2020లో కడపలో డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పెట్టినప్పటి నుంచి అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్, ఫొటోగ్రఫీ చదివే పిల్లలు ఊళ్లో కనబడుతున్నారు. ఒకప్పుడు మా జిల్లాల్లో బొమ్మలేసే పిల్లోడికి చదువు కావాలంటే రైలెక్కాల్సిందే.

కడపకు ఈ విద్య కొత్తదేం కాదని పిల్లలకు గుర్తుచేస్తుంటాను. పులివెందుల వైపు పుట్టిన అన్నదమ్ములు బి.ఎన్.రెడ్డి, బి.నాగిరెడ్డి. ఇద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది, అన్నకు 1974కు, తమ్ముడికి 1986కు. నాగిరెడ్డిగారు సినిమాలవాడే కాదు, ప్రెస్సు నడిపిన మనిషి. 1947 జూలైలో ఆయనా చక్రపాణిగారూ మొదలుపెట్టిన 'చందమామ' తెలుగు పిల్లలకు రంగుల బొమ్మ చూడటం నేర్పింది. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రం ఒక్కటి ముందు పెట్టుకుని, చూపు మొదట ఎక్కడ పడుతోంది, తర్వాత ఎటు పోతోంది అని వేలితో గీస్తే కాలేజీలో ఒక సెమిస్టర్ పాఠం అక్కడే అయిపోతుంది.

పోస్టర్ అనే పనికే జీవితం ఇచ్చినవారిలో ఈశ్వర్‌గారి పేరు ముందు చెప్పుకోవాలి. పాలకొల్లు మనిషి. 1967లో బాపుగారి 'సాక్షి'తో సినిమా పబ్లిసిటీ డిజైన్‌లో అడుగుపెట్టి దశాబ్దాలపాటు తెలుగు, తమిళ, కన్నడ, హిందీ సినిమాలకు పోస్టర్లు వేశారు. 'సినిమా పోస్టర్' అని ఆయన రాసిన పుస్తకానికి నంది అవార్డు వచ్చింది. 2021లో పోయారు. పోస్టర్ మూలన ఆయన సంతకం ఉండేది. గోడ మీద కాగితానికి కూడా కర్త ఉంటాడని నాకు చిన్నప్పుడు తెలిసింది ఆ సంతకం చూసే.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈమధ్య నా బల్ల మీద నలిగిన ఒక సినిమా గురించి చెబితే పని ఎట్లా సాగుతుందో తేలిగ్గా అర్థమవుతుంది. పేరు చెప్పను, వాళ్లింకా బయటపెట్టలేదు. డైరెక్టరు పత్తికొండ దగ్గరి పల్లె పిల్లోడు. డిజైన్ చేసేది అప్లైడ్ ఆర్ట్ చదువుతున్న ప్రొద్దుటూరు అమ్మాయి. కథ ఒక్క రాత్రిది. మూడు బోర్లు ఎండిపోయిన రైతు నాలుగోది వేయిస్తున్నాడు. సాయంత్రం ఒకాయన టెంకాయతో చేనంతా నడిచి పాయింటు చూపిస్తాడు. రాత్రి బోరు బండి వస్తుంది. తెల్లారేదాకా బూడిదరంగు రాతిపొడి లేస్తూ ఉంటుంది. నీళ్లు పడ్డాయో లేదో చెప్పకుండానే సినిమా అయిపోతుంది.

నేను ముందు కంప్యూటర్ ఆపేయిస్తాను. ఒక ఏ ఫోర్ కాగితాన్ని మూడుసార్లు మడిస్తే ఎనిమిది గళ్లు వస్తాయి. గడికొక పోస్టర్ గీయాలి, పెన్సిల్‌తో, అగ్గిపెట్టెకు కొంచెం పెద్ద సైజులో. చక్కగా గీయడానికి చోటే ఉండదు గనక ఆలోచన ఒక్కటే మిగులుతుంది. దానికి ముందు ఒక ప్రశ్న: మీ సినిమా చూసినవాడు ఇంటికి పోయి వాళ్లమ్మకు ఒక్క ముక్కలో ఏం చెప్తాడు? డైరెక్టరు "రైతు కష్టాలన్నా" అన్నాడు. అది వెయ్యి సినిమాల్లో ఉంది. కెమెరా పిల్లోడు "రాత్రంతా బోరు ఏస్తారు" అన్నాడు. అది జరిగిన పని, సినిమా దాని గురించి కాదు. అమ్మాయి కొంచెంసేపు ఊరకుండి, "నీళ్లు పడతాయని నమ్మడం గురించన్నా" అంది. ఆ మాట కాగితం నెత్తిన రాయించాను. ఇక ఏ గడిలో ఏం గీసినా ఆ మాటకు సరిపోతుందా లేదా అన్నదొక్కటే కొలత.

మొదటి డ్రాఫ్టులో నెర్రెలిచ్చిన నేల, దాని మీద కూర్చుని ఆకాశం వైపు చూస్తున్న రైతు. కొడవలి పోయి నెర్రెలు వచ్చాయి. కరువు అనగానే దేశమంతా వాడే బొమ్మ ఇది, నెట్‌లో ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. ఆ పగుళ్లు ఎండిన చెరువు అడుగువి, లేకుంటే కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడివి. వీళ్లు సినిమా తీసిన చేను ఎర్రనేల, గరుసు. ఎండితే పొడిపొడిగా రాలుతుంది గానీ పలకలుగా పగలదు. ఆ ఊరి రైతు ఎవరైనా పోస్టర్ చూస్తే, ఇది మన చేను కాదని ఒక్క చూపులో పట్టేస్తాడు. ఎవరి గురించి తీశారో వాళ్లే నమ్మని బొమ్మ ఇంకెవరికోసం? నేను చెప్పక్కరలేకుండా డైరెక్టరే, "అవునన్నా, మా చేను అట్ల ఉండదు" అని దాన్ని తీసేశాడు.

ఆ రాత్రి వాళ్లు ఏఐని అడిగారు. సీమ రైతు, బోరు, రాత్రి అని టైపు చేస్తే నిమిషంలో నాలుగు బొమ్మలొచ్చాయి. రైతు నెత్తిన పంజాబు తలపాగా. బోరుకు బదులు గిలకబావి. పైన తెలుగు అక్షరాల్లాంటివేవో ఉన్నాయి గానీ ఒక్కటీ అక్షరం కాదు. ఆ పనిముట్టు రేపు బాగుపడొచ్చు. అయినా ప్రపంచమంతా ఎక్కువసార్లు గీసిన బొమ్మనే అది తిరిగి ఇస్తుంది. మా చేను ఎవరూ పెద్దగా గీయలేదు. అది గీయాల్సింది ఈ పిల్లలే.

రెండో డ్రాఫ్టు చాలా బాగా వచ్చింది. అందులో నటించింది ఆ ఊరి రైతే. బోరు బండి లైటు వెలుతురులో, మొహమంతా రాతిపొడి పట్టి, నెత్తిన చేయి పెట్టుకుని కూర్చున్న స్టిల్. కళ్లు చూస్తే ఎవరికైనా గుండె పట్టేస్తుంది. టైటిల్ పక్కన పెట్టి ప్రింటు తీసి ఊరికి పట్టుకుపోయారు. రైతు చూసి నవ్వి బాగుందన్నాడంట. ఆయన భార్య ఒప్పుకోలేదు. "మా ఆయన నెత్తిన చేయి పెట్టుకున్న ఫొటో గోడలకేస్తారా? ఇంగ మా ఇంట్లో మంచేమన్నా జరగతాదా? అప్పిచ్చినోళ్లు సూస్తే ఏమనుకుంటారు?" అని అడిగిందంట. పిల్లలు దిగాలుగా తిరిగొచ్చారు. సినిమాలో ఆ షాటు ఉందికదా, ఆమె దానికేం అనలేదు కదా అని వాదన.

ఆమె మాట పూర్తిగా న్యాయం. సినిమాలో ఆ షాటుకు ముందొకటి, వెనకొకటి ఉన్నాయి. ఆయన నెత్తిన చేయి పెట్టుకుంటాడు, తర్వాత లేచి బోరు బండి డ్రైవరుకు టీ తెస్తాడు. పోస్టర్‌లో లేచేది ఉండదు. ఆయన ఊరి గోడ మీద, తెలిసినవాళ్లందరి ముందు, రోజుల తరబడి అట్లాగే కూర్చుని ఉంటాడు. అచ్చులో మనిషి మొహం వేసేటప్పుడు ఆ మనిషి రేపు ఆ గోడ పక్కనుంచే నడవాలని గుర్తుండాలి. నటుడు కాని మనిషితో సినిమా తీసిన పిల్లలెవరొచ్చినా, డ్రాఫ్టు ప్రింటు ఆ ఇంట్లో ఆడవాళ్లకు చూపించారా అని అడగడం ఇప్పుడు నాకు అలవాటయింది.

ఆ డ్రాఫ్టు పోవడం వల్ల సినిమాకు మేలే జరిగింది. నెత్తిన చేయి అంటే అయిపోయిందని అర్థం, నమ్మకం గురించిన సినిమాకు అది సరిపడే బొమ్మ కాదు. కాగితం మీద రాసుకున్న మాట దగ్గరికి మళ్లీ పోయాం. ఎనిమిది గళ్లలో ఒక మూలన అమ్మాయి ఎప్పుడో గీసి వదిలేసిన బొమ్మ ఉంది: చాచిన అరచెయ్యి, దాని మీద నిలువుగా లేచిన టెంకాయ.

సీమలో పెరిగినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. మిగతావాళ్ల కోసం చెప్తాను. బోరు పాయింటు చూసే మనిషి టెంకాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని చేలో నడుస్తాడు. కింద నీళ్లున్న చోట అది దానంతటదే నిలువుగా లేస్తుందని నమ్మకం. కొందరు పంగల వేపపుల్లతో చూస్తారు. భూగర్భ జలాల నిపుణులు దీన్ని ఒప్పుకోరు, నేలలోకి కరెంటు పంపి నిరోధం కొలిచే మీటరుతో చూడమంటారు. నేనూ మీటరు మాటే వింటాను. అయినా లక్షల అప్పు తెచ్చి వేసే బోరుకు ముందు ఆ టెంకాయ లేచే క్షణంలో ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూస్తారు. సినిమా ఆ క్షణం గురించే.

ఐడియా దొరికాక స్టిల్ దొరకలేదు. సినిమాలో ఆ షాటు చీకటి పడే వేళ, కదులుతున్న కెమెరాతో తీసింది. వీడియోలోంచి ఫ్రేము పీకితే మసకగా ఉంది. షూటింగ్‌లో ఒకరికి స్టిల్స్ పని మాత్రమే అప్పజెప్పమని నేను ప్రతి బృందానికీ మొత్తుకునేది ఇందుకే. వీడియో ఫ్రేము ఫోన్లో బాగుంటుంది, పెద్ద సైజులో తేలిపోతుంది. సరే, డైరెక్టరే చెయ్యి చాపాడు, షాపు వెనక ఫొటో తీశారు. వెలుతురు బాగుంది, టెంకాయ బాగుంది, చెయ్యి మాత్రం కుదరలేదు. అది పుస్తకం పట్టుకున్న చెయ్యి. మళ్లీ ఊరికి పోయి ఆ రైతు చేతినే ఫొటో తీసుకొచ్చారు, పొద్దున్నే, ఎండ అడ్డంగా పడే వేళ. ఆ అరచేతిలో పార పట్టిన చోట కాయలు కాసి పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. బొటనవేలి గోరు ఒక పక్క చీలి ఉంది. గీతల్లో ఎర్రమన్ను ఇంకి ఉంది, కడిగినా పోయే మన్ను కాదది. ఇంటామె ఈసారి తనే లోపల్నుంచి మంచి టెంకాయ తెచ్చి ఇచ్చిందంట.

ఆ ఫొటో చూశాక ఎవరికైనా దాని పక్కన ఇంకేదో చేర్చాలనిపిస్తుంది. మబ్బులు, మెరుపు, కింద పల్లె, పైన డైరెక్టరు పేరు మెరిసే అక్షరాల్లో. ఖాళీ అంటే పిల్లలకు భయం, డబ్బులిచ్చి కొన్న కాగితం వృథా అయినట్టు. నేను చేర్చనివ్వలేదు. చెయ్యి కింది మూడో వంతులో, మిగతాదంతా రాతిపొడి బూడిదరంగు. బోరు వేసిన మర్నాడు చుట్టుపక్కల చెట్ల ఆకులన్నీ ఆ రంగులోనే ఉంటాయి. సీమ అనగానే ఎరుపు పూసేవాళ్లకు ఈ బూడిదరంగు కనబడదు. కడప బండ పరిచిన అరుగు రంగు కూడా దానికి దగ్గరే.

ఇట్లా ఒక్క వస్తువు మీద నిలబడే పోస్టర్లకు ప్రపంచంలో పెద్ద వంశమే ఉంది. అమెరికాలో సాల్ బాస్ 1959లో 'అనాటమీ ఆఫ్ ఎ మర్డర్' సినిమాకు ముక్కలుగా కత్తిరించిన కాగితపు మనిషి ఆకారాన్ని పెట్టి, తారల మొహాలు లేకుండానే కథ చెప్పాడు. సత్యజిత్ రాయ్ సినిమాల్లోకి రాకముందు కలకత్తాలో డి.జె.కీమర్ అనే ప్రకటనల కంపెనీలో ఆర్టిస్టు. తన సినిమాల పోస్టర్లు, టైటిల్ అక్షరాలు తనే వేసుకునేవారు. ఈ రెండు పేర్లూ పిల్లలకు చెప్తాను. వాటి వెంటనే పక్క రాష్ట్రం కుర్రాడి పేరూ చెప్తాను. మైసూరు నుంచి వెళ్లి పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివిన చిదానంద ఎస్. నాయక్, ఒక ముసలమ్మ కోడిని ఎత్తుకుపోతే ఊళ్లో తెల్లారకుండా పోయిందనే కన్నడ జానపద కథను విద్యార్థి సినిమాగా తీశాడు. 2024లో కాన్ చిత్రోత్సవంలో విద్యార్థుల విభాగం లా సినెఫ్‌లో దానికి మొదటి బహుమతి వచ్చింది. బళ్లారి దాటితే వినబడే కథ అది.

ఇప్పుడు అక్షరాలు. నా ప్రాణం ఇక్కడ ఉంది గనక కొంచెం ఎక్కువే చెప్తాను.

పిల్లలు ఇంగ్లిష్ పోస్టర్ల లేఅవుట్ తెచ్చి అందులో తెలుగు కూర్చుతారు. ఇంగ్లిష్ పెద్దక్షరాలు ఒక పట్టీలో ఒదుగుతాయి. తెలుగు అట్లా ఒదగదు. పైన గుడి, ఏత్వం, ఓత్వం, మధ్యలో అసలక్షరం, కింద వత్తులు. రెండు వరసల టైటిల్ పెడితే పై వరస వత్తు కింది వరస గుడి మీద కూర్చుంటుంది. అందుకే తెలుగు టైటిల్‌కు వరసల మధ్య ఎడం ఎక్కువ కావాలి, లేకుంటే ఏ వత్తు ఎక్కడ పడుతుందో చూసి ఒకదాని ఖాళీలో ఒకటి దూరేట్టు అక్షరాలను జరపాలి. బాపుగారి టైటిళ్లలో ఈ సర్దుబాటు చూడండి, ఒక్క వత్తు కూడా దిక్కులేకుండా వేలాడదు.

కంప్యూటర్‌తో వచ్చే చిక్కు వేరే. ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు టైపు చేస్తే చాలామందికి వత్తులు విడిపోయి, పొల్లులు పైకి తేలి వస్తాయి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్ రెడీ లేఅవుట్, పాత వెర్షన్లలోనైతే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉన్నది ఎంచుకోవాలి, అప్పుడు సర్దుకుంటుంది. ఇది తెలియక ఎంతమంది పిల్లలు తమ సినిమా పేరు ఇంగ్లిష్‌లో రాసుకున్నారో! ఫ్లెక్స్ షాపుల్లో మేము అను ఫాంట్లు వాడుతాం. అవి యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు కనబడతాయి. ప్రింటుకిచ్చే ముందు అక్షరాలను అవుట్‌లైన్స్‌గా మార్చేస్తే ఆ బెడద ఉండదు. ఖర్చు లేకుండా కావాలంటే సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన యూనికోడ్ ఖతులున్నాయి. రామభద్ర లావుగా, దూరానికి కనబడేట్టు ఉంటుంది. మండలి చిన్న అక్షరాలకు బాగుంటుంది. ధూర్జటి, తిమ్మన, సూరన్న ఉన్నారు, మా కడప జిల్లా కోకటం అగ్రహారం పుచ్చుకున్న పెద్దన పేరు మీద కూడా ఒకటుంది.

టైటిల్‌కు మాత్రం చేత్తో రాయండి అంటాను. ఖతి అందరిదీ, చేతిరాత ఆ సినిమా ఒక్కదానిదీ. ఈ సినిమా పేరులో 'ళ్ల' అక్షరం ఉంది. అమ్మాయి దాని కింద ల వత్తును సాగదీసి సన్నటి గీతలా పోస్టర్ అడుగుదాకా దింపింది, బోరు ఎంత లోతుకు పోతుందో అంత లోతుకన్నట్టు. ఆలోచన గొప్పది. అయితే ఆ గీత చేతిని రెండుగా కోస్తోంది, పేరు చదవడానికి ఒక క్షణం తడబాటు వస్తోంది. పేరు చదవలేకపోతే పోస్టర్ ఉన్నా లేనట్టే. ఆ గీతను టెంకాయ పీచు దగ్గరే ఆపేయమన్నాను. ఒక పూట అలిగి, చివరికి తనే ఇంకా పైకి కుదించి తెచ్చింది. ఇప్పుడు చూసినవాళ్లకు అది వత్తులాగే ఉంటుంది, రెండోసారి చూస్తే గానీ బోరులో దింపే కేసింగ్ పైపు గుర్తుకు రాదు. నేను చెప్పినదానికన్నా అదే మేలు.

డ్రాఫ్టు పరీక్షించేటప్పుడు "బాగుందా?" అని ఎవర్నీ అడగకూడదు. మన దగ్గర మర్యాదకు అందరూ బాగుందనే అంటారు. "ఇది ఏం సినిమా అనుకుంటున్నావు?" అని అడగాలి. మేము కడప ఆర్టీసీ బస్టాండు దగ్గర టీ అంగట్లో చూపించాం. అన్ని మండలాల వాళ్లూ అక్కడ దిగుతారు. రాయచోటి వైపు పెద్దాయన ఒకరు కళ్లజోడు పెట్టుకోకుండానే, "నీళ్లు సూస్తాండారు గదా" అన్నాడు. పక్కనున్న టౌను కుర్రాడు, "దేవుడి సినిమానా అన్నా, టెంకాయ కొట్టేది?" అన్నాడు. ఇద్దరి మాటా విలువైనదే. పల్లెకు తెలిసిన గుర్తు పట్నానికి తెలియడం లేదు. అందుకని అడుగున, బూడిదరంగులో బూడిదరంగుగా, బోరు బండి నిలువు స్తంభం నీడ చిన్నది చేర్చాం. మళ్లీ చూపిస్తే దేవుడి సినిమా అన్నవాళ్లు తగ్గిపోయారు. ఇంకో పరీక్ష కూడా ఉంది: బొమ్మను వాట్సాప్‌లో పంపి, తెరవకుండా గ్రూపులో చిన్నగా ఉన్నప్పుడే చూడటం. ఇప్పుడు జనం మొదట చూసేది ఆ సైజులోనే. చెయ్యి, టెంకాయ కనబడ్డాయి, పేరు చదవగలిగాం. నటీనటుల పేర్లు కనబడలేదు, ఆ సైజులో కనబడనక్కర్లేదు.

ప్రింటు గురించి క్లుప్తంగా చెప్తాను. కాలేజీ నోటీసు బోర్డుకు 12/18 డిజిటల్ ప్రింటు చాలు. దానికి 300 డీపీఐలో 3600 బై 5400 పిక్సెళ్ల ఫైలు కావాలి, అంచులు కత్తిరించడానికి చుట్టూ మూడు మిల్లీమీటర్ల బ్లీడ్ వదలాలి. సినిమా హాళ్ల వాల్‌పోస్టర్ 30/40 అంగుళాలు, పిల్లలకు అంత అవసరం పడదు. ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. స్క్రీన్ మీద మెరిసే నీలం, నారింజ కాగితం మీద చప్పబడతాయి. స్క్రీన్‌ది వెలుతురు, కాగితానిది సిరా. మా బూడిదరంగు మొదటి ప్రింటులో గులాబీ ఛాయ కొట్టింది. నాలుగు సిరాలు కలిపి బూడిదరంగు చేస్తే ఏ ఒక్కటి కొంచెం మొగ్గినా ఆ రంగు తేలుతుంది. ఒక్క నల్ల సిరాతోనే చేయించాక రాతిపొడి రాతిపొడిలా వచ్చింది.

పేర్ల దగ్గర చివరి పేచీ వచ్చింది. ఎవరి పేరు ముందు, ఎవరిది పెద్ద, కాలేజీ లోగో ఎక్కడ. రైతు పేరు నటుల వరసలో అందరికన్నా ముందు పెట్టాలని డైరెక్టరే అన్నాడు, సంతోషమనిపించింది. పోస్టర్ డిజైన్ అని తన పేరు వేసుకోవడానికి అమ్మాయి సిగ్గుపడింది. వేసుకోవాల్సిందేనని గట్టిగా చెప్పాను. ఈశ్వర్‌గారి సంతకం కథ ఆమెకు చెప్పింది అప్పుడే. కింద కుడి మూలన, చిన్నగా, చేతిరాతతో పెట్టింది.

ఇప్పుడు యూట్యూబ్‌కు అడ్డం బొమ్మ కావాలి, 1280 బై 720. నిలువు పోస్టర్‌ను అడ్డంగా కోస్తే టెంకాయ ఉంటే చెయ్యి పోతోంది, చెయ్యి ఉంటే టెంకాయ పోతోంది. చేతిని పక్కనుంచి లోపలికి తెచ్చి, మిగతా మూడు వంతులూ బూడిదరంగు ఖాళీగా వదిలి, పేరును ఆ ఖాళీలో పెట్టి చూస్తోంది అమ్మాయి. డైరెక్టరుకు పేరు ఇంకా పెద్దగా కావాలంట. ఎనిమిది గళ్ల కాగితం మళ్లీ మడిచాం, ఈసారి అడ్డంగా.